సగం కప్పు, సగం సాసర్

మా అన్న పేరు మీద పట్నంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఒక పురస్కారం ఉండేది. ఎం.ఏ. చదివే పిల్లల్లో ఎవరైనా తగాదాల గురించి, అవి తీరే తీరు గురించి మంచి వ్యాసం రాస్తే ఏడాదికి ఒకరికి ఇచ్చేవారు. పెట్టింది మా నాయిన. నాకు దాని మీద మొదటి నుంచీ కోపమే. ఎవరింట్లోనైనా చెట్టంత కొడుకు పోతే అన్నదానం చేస్తారు, బడికి గోడగడియారం ఇస్తారు. మా నాయిన మాత్రం ఊళ్లలోని కొట్లాటలన్నిటినీ కాగితాల మీదికి ఎక్కించి మా ఇంటికి తెప్పించుకున్నాడు.

జహీరాబాద్ బజార్లో మాకు బట్టల దుకాణం. నాయినకు పెద్ద చదువు లేదు. ఉర్దూ, తెలుగు రాసేవాడు, కన్నడం మాట్లాడేవాడు. బట్ట కొలిచినప్పుడు మీటరు బద్ద దాటి ఒక బెత్తెడు వదిలి కత్తెర పెట్టేవాడు. ఆ బెత్తెడు వల్లే న్యాల్‌కల్ నుంచి రాయికోడ్ దాకా పల్లెలవాళ్లకు ఆయన మీద గురి కుదిరింది. పెళ్లిబట్టలకని వచ్చినవాళ్లు గద్దె మీద కూర్చుని గట్టు తగాదాలు చెప్పుకునేవాళ్లు. పోను పోను ఠాణాకు పోయేముందు సేటు దగ్గరికి పోయి చూద్దామనడం అందరికీ అలవాటైంది. నాయిన ఇద్దరి మాటా వినేవాడు. ఒకరు చెప్తుండగా ఇంకొకరు నోరు తెరిస్తే మీటరు బద్దతో గద్దె మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. దుమ్ము లేచేది, నోళ్లు మూతపడేవి.

రాజీ కుదిరాక ఒక పద్ధతి ఉండేది. అది నాయిన పెట్టిందే. ఇద్దరినీ దుకాణం ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకుపోయి ఒకే ఒక్క చాయ్ తెప్పించేవాడు. తన చేతులతో సగం సాసర్లో పోసి, కప్పు ఒకరికి, సాసర్ ఒకరికి ఇచ్చేవాడు. ఇద్దరూ ఒకేసారి తాగాలి. “రెండు చాయ్‌లు తెప్పిస్తే ఎవని చాయ్ వానిదే అయితది, ఇంక రాజీ ఏడిది?” అనేవాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆపుకుని చాయ్ తాగే డ్రైవర్లు కూడా గ్లాసులు పట్టుకుని ఆ తమాషా చూసేవాళ్లు.

మా ఇంట్లో మాత్రం పిల్లలకు చాయ్ బంద్. “సదువు అయ్యేదాక చాయ్ ముట్టొద్దు, నెత్తికి వేడి జేస్తది,” అని నాయిన హుకుం. అన్న ఎం.ఏ.లో చేరి, మీసాలు పెంచి, సెలవులకు ఇంటికొచ్చినా సరే, హోటల్లో నాయిన పక్కన ఉత్త చేతులతో కూర్చునేవాడు. నాయిన అది నలుగురికీ చెప్పుకుని మురిసేవాడు. “పట్నంల ఉంటడు, అయినా మావోడు చాయ్ తాగడు,” అని.

డెబ్బైల్లో బావులకు కరెంటు మోటర్లు వచ్చాక నీళ్ల తగాదాలు ఎక్కువైనాయి. న్యాల్‌కల్ అవతల ఒక ఊరి నుంచి ఇద్దరు దాయాదులు వచ్చారు. అన్నదమ్ముల కొడుకులు. ఒకే బావి, ఒకే మోటరు, పక్కపక్కనే చెరకు, అల్లం. వాన లేక బావిలో నీళ్లు అడుగంటుతున్న రోజులవి. మాటలు ముదిరి ఒకరి గడపలో ఒకరు అడుగు పెట్టడం మానేశారు. నాయిన వాళ్లను చాలా రోజులు దుకాణం చుట్టూ తిప్పించుకుని, చివరికి తేల్చాడు. పగటి కరెంటు పెద్దాయనకు, రాత్రి కరెంటు చిన్నాయనకు. పాము, తేలు తిరిగే చీకట్లో నీళ్లు కట్టుకోవడం చిన్నాయనకు కష్టమే. అయినా ఒప్పుకున్నాడు.

ఆ పూట భోజనాల దగ్గర నాయిన చాలా సంతోషంగా ఉన్నాడు. “పెద్దోనికి పగటి నీళ్లిచ్చిన. అందుకే చాయ్ కాడ చిన్నోనికి కప్పిచ్చి, పెద్దోనికి సాసరిచ్చిన. సరికి సరి,” అన్నాడు. అన్న నవ్వి, “చాయ్ గూడ మీటరు బద్దతోని కొలిచినవా నాయినా?” అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. మా ఇంట్లో నలుగురం కలిసి నవ్విన ఆఖరి భోజనం అదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నిజంగా అదేనో కాదో తెలియదు, కానీ నాకు గుర్తున్నది మాత్రం అదే.

నీళ్ల వంతులు మొదలయ్యే రోజున సేటు మనిషి ఒకరు బావి దగ్గర ఉండాలన్నది కూడా నాయిన పద్ధతే. పెళ్లిళ్ల గిరాకీ వదిలి తాను పోలేక అన్నను పంపాడు. సాయంత్రం వంతు మారే వేళకు పెద్దాయన మోటరు ఆపలేదు. చిన్నాయన వచ్చి కాలువకు అడ్డంగా మట్టి వేశాడు. పెద్దాయన పార ఎత్తాడు. అన్న ఇద్దరి నడుమకు పోయాడు. చిన్నాయన మీదికి ఎత్తిన పార అన్న తలకు తగిలింది. ఎడ్లబండి మీద రోడ్డుకు, అక్కడినుంచి లారీలో జహీరాబాద్ దవాఖానకు తెచ్చారు. మేం పోయేసరికి బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. చొక్కా నిండా ఎర్రమట్టి. అమ్మ ఆ మట్టిని దులుపుతూనే ఉంది, ఎవరు చెప్పినా ఆపలేదు. పట్నం తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఊరు ఊరుకుంటుందా? ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డదని నాయినను అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని చచ్చిపోయిన మా అన్నను అన్నారు. ఆ మాట అన్నావిడ మా దుకాణంలో బాకీ పెట్టి చీరలు కట్టినావిడే. ఆమె ఎదురుపడితే నేను ఇప్పటికీ పలకరించను.

పెద్దాయనకు జైలు పడింది. నాయిన తగాదాలు తీర్చడం మానేశాడు. ఎవరైనా గద్దె మీద కూర్చుని, “సేటూ, జర మా సంగతి…” అని మొదలుపెడితే లేచి లోపలికి పోయేవాడు. కొన్నాళ్లకు అన్న చదివిన చోటికే పోయి, అన్న పేరు మీద ఈ పురస్కారం పెట్టి వచ్చాడు. ఒక్క షరతు చెప్పాడట. స్టేజీలు, దండలు వద్దు. పురస్కారం వచ్చినవాళ్లు ఒకసారి జహీరాబాద్ వచ్చి మా ఇంట్లో చాయ్ తాగి, తనతో మాట్లాడి పోవాలి.

అట్లా ఏటా ఒకరు వచ్చేవారు. నేను అప్పటికి ఆడపిల్లల బడిలో పంతులమ్మను. వచ్చినవాళ్లను బస్టాండు నుంచి తీసుకురావడం, వాళ్ల ఇంగ్లీషు వ్యాసంలోని సంగతులు నాయినకు తెలుగులో చెప్పడం నా పని. వంటింట్లో అమ్మ చాయ్ పెట్టి నా చేతికి ఇచ్చేది. తాను మాత్రం ముందు గదిలోకి వచ్చేది కాదు.

నాయిన అందరినీ ఒకటే అడిగేవాడు. “ఒక్కటి చెప్పు బిడ్డా. ఇద్దరు ఒప్పుకున్నంక, నవ్వుకుంట ఇండ్లకు పోయినంక, తగాద మల్లెందుకు లేస్తది?”

వాళ్లు చెప్పేవాళ్లు. భూసంబంధాలనేవాళ్లు, ఆర్థిక మూలాలనేవాళ్లు, కులమనేవాళ్లు. ఒక కళ్లద్దాల అబ్బాయైతే కాగితం మీద మూడు సున్నాలు గీసి, మూడూ ఒకదాన్నొకటి తాకేచోట మిరపకాయంత గీత పెట్టి, తగాదా ఇక్కడ పుడుతుందన్నాడు. నాయిన ఆ గీత వైపు చాలాసేపు చూశాడు. ఇంకొకాయన మధ్యవర్తికి వృత్తి శిక్షణ లేకపోవడం వల్లనే రాజీలు విఫలమవుతాయన్నాడు, ఎవరింట్లో కూర్చుని అంటున్నాడో తెలియకుండానే. నాకు ఒళ్లు మండింది. నాయిన మాత్రం బుద్ధిగా తలూపి, బిస్కెట్లు ముందుకు జరిపాడు. వాళ్లు పోయాక ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

“మంచిగనే చెప్పిండు. కని నేనడిగింది చెప్పలే.”

ఆయనకు కావలసింది ఏమిటో అమ్మకు, నాకు తెలుసు. తన రాజీ ఎక్కడ తప్పిందో తెలియకుండా చచ్చిపోతానేమోనని ఆయన భయం. ఏళ్లు గడిచినకొద్దీ ఆ భయం ఒక్కటే ఆయనలో మిగిలింది. తిండి తగ్గింది, దుకాణం సగం అద్దెకిచ్చేశాడు. వచ్చిన వ్యాసాలు అన్న పుస్తకాల పక్కన పేర్చేవాడు. ఒకసారి అమ్మ ఆ గది ఊడుస్తూ చీపురు పక్కన పెట్టి, “గిన్ని కాగితాల్ల నా కొడుకు ఏడున్నడు?” అంది. నాయిన విననట్టే కాగితాలు సర్దాడు. నాకు మాత్రం అమ్మ అడిగినదే అసలు ప్రశ్న అనిపించింది, కానీ ఆమెకు పురస్కారం ఇచ్చేవాళ్లెవరు?

ఎనభైల్లో ఒక ఏడు, ఒక అమ్మాయికి పురస్కారం వచ్చింది. మొగుడంపల్లి వైపు పిల్ల, పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది. నీళ్ల తగాదాల మీద ఊరూరా తిరిగి రాసింది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చేసింది. బస్సు దిగినప్పటి నుంచీ ఆ పిల్ల నా ముఖం వైపు సరిగ్గా చూడటం లేదు. ఎండకేమో అనుకున్నాను. ఇంట్లో నాయిన అలవాటు ప్రకారం తన ప్రశ్న అడిగాడు. ఆ పిల్ల నీళ్లడిగి తాగింది.

“తాతా, పురస్కారం ఎవరి పేరు మీదనో నాకు తర్వాత తెలిసింది. తెలిసినంక రావద్దనుకున్న,” అంది. “న్యాల్‌కల్ అవతల బావి కాడి సంగతి… నేను రాసిన వాటిల్ల అది గూడ ఉన్నది. జేలు నుంచి వచ్చిన పెద్దాయనతోని మాట్లాడిన.”

నాయిన బిస్కెట్ల పళ్లెం జరపబోయిన చెయ్యి అట్లాగే ఆపేశాడు. “ఏమన్నడు?”

“చెప్పమంటరా?”

“చెప్పు బిడ్డా. ఇన్నేండ్ల సంది అదే అడుగుతున్న.”

ఆ పిల్ల తల వంచుకుని చెప్పింది. నీళ్ల పంపకం ఆయనకు నచ్చిందట. పగటి కరెంటు దొరికినందుకు సేటుకు దండం పెట్టుకున్నాడట. కానీ హోటల్లో, అందరూ చూస్తుండగా, చిన్నవాని చేతికి కప్పు, పెద్దవాడైన తన చేతికి సాసర్ వచ్చింది. ఊళ్లోకి పోయేసరికి ఆ మాట ఆయనకంటే ముందే చేరింది. రచ్చబండ దగ్గర నవ్వారు. బావి దగ్గర వంతు మారే వేళ చిన్నాయన, “సాసర్ తాగినోనికి సాసరంత నీళ్లు సాలవా?” అన్నాడట. అంతే, పార ఎత్తాడట.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాయిన తన రెండు అరచేతుల వైపు చూసుకున్నాడు.

“సరికి సరి అనుకున్న,” అన్నాడు. “నీళ్లు పెద్దోనికి పోయినయి గదా, చాయ్ అయినా చిన్నోనికి పోనీ అనుకున్న.”

ఆ పిల్ల ఏడ్చింది. నాయిన ఆమె తల మీద చెయ్యి పెట్టి, “నువ్వెందుకు ఏడుస్తవ్? అందర్ల నువ్వొక్కదానివే పోయి ఆయన్నడిగినవ్. నేను గూడ అడగలే. సదువుకున్నోళ్లను అడిగిన, అడగాల్సినోన్ని అడగలే,” అన్నాడు. ఆమెను బస్సెక్కించి నేను తిరిగి వచ్చేసరికి ఆయన అదే కుర్చీలో ఉన్నాడు. నాకు ఆ పిల్ల మీద కోపం రావాలి, రాలేదు. నాయిన మీద జాలి రావాలి, అదీ వెంటనే రాలేదు. ఒక చాయ్ కోసం మా అన్న పోయాడా అని, దేని మీదనో తెలియని రోత పుట్టింది.

ఆ తర్వాత నాయిన నిద్రపోవడమే మానేశాడు. ప్రశ్న ఉన్నన్నాళ్లూ మనిషి మనిషిలా ఉన్నాడు, జవాబు దొరికాక మంచం పట్టాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే ధోతి కట్టుకుని, “నడువ్ బిడ్డా, న్యాల్‌కల్ పోదాం,” అన్నాడు. అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది.

బస్సు దిగి ఎండలో నడిచాం. పెద్దాయన ఇల్లు ఊరి చివర. ఆయన వసారాలో చెరకు ఆకు తాడు పేనుతున్నాడు. నడుము వంగిపోయింది. నాయినను చూసి తాడు కింద పెట్టాడు కానీ లేవలేదు, లేచే సత్తువ లేదో, మొహం చెల్లలేదో. వాళ్లావిడ బీదర్ వైపు మనిషి. “బర్రి, కూడ్రి,” అని కన్నడంలోనే పిలిచి, కూర్చోమని గొంగడి వేసింది.

నాయిన కూర్చోలేదు. “పటేలా,” అన్నాడు. “ఆ దినం కప్పు నీకియ్యాల్సుండె. నాదే తప్పు. ఆ మాట చెప్పిపోదామని వచ్చిన.”

పెద్దాయన కింద పెట్టిన తాడును పక్కకు జరిపాడు.

“గట్లనకు సేటూ,” అన్నాడు. “జేల్ల అడిగితే నీళ్ల కోసమని చెప్పిన. మా ఇంటామె అడిగితే కోపమొచ్చిందని చెప్పిన. ఆ పట్నం పిల్ల కూసొని కూసొని అడిగింది, సాసర్ అని చెప్పిన. ఏది నిజమో నాకే తెల్వది. పార నా చేతిల ఉండె. నీ కొడుకు నా చేతిల పోయిండు. చాయ్ మీదికి తొయ్యకు, నీ మీదికి అస్సలే తీసుకోకు. గా తప్పొక్కటే నాది. గది గూడ తీస్కపోకు.”

నాయిన అప్పుడు కూలబడ్డట్టుగా గొంగడి మీద కూర్చున్నాడు. కొడుకు పోయిన మనిషి, వాడిని చంపిన మనిషి ఒకే గొంగడి మీద పక్కపక్కన కూర్చుని వాకిట్లో కోళ్లను చూస్తున్నారు. ఆ మనిషి మీద కూడా కోపం లేకుండా చేశాడే మా నాయిన అని నాకు ఏడుపు వచ్చింది. నాకు కోపం కావాలి. కోపం లేకపోతే అన్న పూర్తిగా పోయినట్టే అనిపించింది.

ఆవిడ రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. “చాయ్ లేదు సేటూ,” అంది మెల్లగా. “జేలు నుంచి వచ్చినప్పటి సంది ఇంట్ల చాయ్ పెట్టనియ్యడు.”

పెద్దాయన తల తిప్పుకున్నాడు. నాయిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచాడు.

తిరుగు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. జహీరాబాద్ దగ్గర పడ్డాక, “ఆయనకు గూడ తెల్వదు బిడ్డా,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో నిరాశ ఉందో, తేలిక ఉందో నేను పోల్చుకోలేకపోయాను. ఇంటికి వచ్చాక అన్న గదిలోని వ్యాసాలన్నీ మూట కట్టి మా బడికి తీసుకుపొమ్మన్నాడు.

పురస్కారం మాత్రం ఆపలేదు. మరుసటి ఏడు ఒక అబ్బాయి వచ్చాడు. బక్కగా, ఇస్త్రీ లేని చొక్కాతో, కాస్త మా అన్నలాగే కనిపించాడు, లేదా నాకు అందరూ అలాగే కనిపిస్తారు. అబ్బాయి వ్యాసం చేతిలో పట్టుకుని ప్రశ్న కోసం ఎదురు చూస్తున్నాడు. ముందు వచ్చినవాళ్లెవరో చెప్పి పంపారు కాబోలు. నాయిన ఆ ప్రశ్న అడగలేదు. పొద్దున ఏం తిన్నావని అడిగాడు. హాస్టల్లో అన్నం మంచిగ పెడతారా అని అడిగాడు. నేను చాయ్ తెచ్చి ముందు పెట్టాను. అబ్బాయి మొహమాటపడి కప్పు ముట్టుకోలేదు.

“తాగు బిడ్డా. మావోడైతే తాగేటోడు గాదు,” అన్నాడు నాయిన. అన్న పోయినప్పటి నుంచి, వచ్చినవాళ్లతో ఆయన అన్న గురించి మాట్లాడటం అదే మొదలు. “ఎం.ఏ.కు పోయిండు, పట్నంల ఉన్నడు, అయినా ఒక్క చుక్క ముట్టకపోయేటోడు.”

వంటింటి గడప దగ్గర అలికిడైంది. అమ్మ బయటికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆ గదిలోకి, ఆ వేళప్పుడు రావడం అదే మొదలు.

“తాగేటోడు,” అంది. “నీ ముంగట తాగకపోయేటోడు. నువ్వు దుకాణం పోంగనే ఈ గడప మీద కూసొని స్టీలు గ్లాసు నిండ తాగేటోడు.”

నాకు తెలుసు ఆ సంగతి. నాకూ అదే గ్లాసులో మిగిల్చి ఇచ్చేవాడు. కానీ నాయినకు తెలియదు. ఆయన అమ్మ వైపు తిరిగాడు. మందలిస్తాడేమో అనుకున్నాను.

“శక్కర ఎంతేసుకునేటోడు?” అన్నాడు.

అమ్మ ఆ గడప మీదనే కూర్చుని ఏడ్చింది.